రేవుకు అడ్డంగా పడవలు

“మైకులో చెప్పించావే నాకు! మైకులో!”

పెద్దకోడలు చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది. చేతులకు గుర్రపుడెక్క తడికాడల జిగురు, జుట్టు నిండా పొట్టు. షెడ్డులో అల్లుతున్న బుట్ట అల్లుతున్నట్టే వదిలేసి వచ్చిందని చూడగానే తెలుస్తోంది.

చిన్నకోడలు ఆఫీసుకు వెళ్ళే తొందరలో నిలబడే అన్నం తింటోంది. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

“అక్కా, ముందు కూర్చో.”

“కూర్చోను. ఒకే గోడకి ఆ పక్క నువ్వు పడుకుంటావు, ఈ పక్క నేను పడుకుంటాను. నా షెడ్డు మూతపడుతోందని జీపులో వచ్చినవాడెవడో అరిచి చెబితే గానీ నాకు తెలియలేదు. అక్కడ ఆడవాళ్ళందరూ పని ఆపి నా మొహమే చూస్తున్నారు. ఏం చెప్పమంటావు వాళ్ళకి?”

జీపువాడు గట్టు పొడవునా తిరిగి చెప్పింది నాలుగే ముక్కలు. సరస్సులో గుర్రపుడెక్క నిర్మూలనకు ప్రభుత్వ నిధి విడుదలైంది. ఈ రోజే పని మొదలు. ఇకమీదట ఆ మొక్కను ఎవరూ కోయకూడదు, ఎండబెట్టకూడదు, గట్టు దాటించకూడదు. మీరితే కేసు.

నిధి వచ్చిందన్న కబురు ఇంటికి పోయినవారమే చేరింది. సరస్సు సంరక్షణ ఆఫీసులో ఇంజనీరైన చిన్నకోడలు ఆ నిధి కోసం ఎన్ని మెట్లు ఎక్కిందో, ఎంతమంది దగ్గర చేతులు కట్టుకు నిలబడిందో ఇంటిల్లిపాదికీ తెలుసు. కబురు వినగానే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది పెద్దకోడలే. అది తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

“నిబంధనలు నిన్ననే ఖాయమయ్యాయక్కా. సంతకాలు పడేదాకా ఇంట్లో కూడా చెప్పకూడదు.”

“ఇంట్లో కూడానా? ఇంట్లో ముఖ్యంగానా?”

చిన్నకోడలు కంచం పక్కన పెట్టేసింది.

వరండాలో వల బాగుచేసుకుంటున్న మామగారు గొంతు సవరించుకున్నారు. సరస్సు మీద గుర్రపుడెక్క పరుచుకున్నప్పటినుంచి ఆయన పడవ నీళ్ళలో దిగలేదు. అయినా వల మాత్రం రోజూ బాగుచేస్తూనే ఉంటారు. “పెద్దమ్మాయ్, మంచికే కదమ్మా ఇదంతా. నీళ్ళు మళ్ళీ కంటికి కనిపిస్తాయి. చేప పడుతుంది.”

“పడనివ్వండి మామయ్యా, సంతోషమే. చేప పడని మూడేళ్ళూ ఈ ఇంట్లో పొయ్యి ఎవరి కష్టంతో వెలిగిందో అదొక్కటి చెప్పండి.”

మామగారు తల వలలోకి దించేశారు.

పొయ్యి దగ్గర అత్తగారు గరిటె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే పెద్దకోడలికి తగిలింది. మాట కాస్త ఎక్కువైందని తెలిసింది, కానీ వెనక్కి తీసుకునే ఉద్దేశం లేదు. అన్నది అబద్ధం కాదు కదా.

చిన్నకోడలు నెమ్మదిగా అంది. “అక్కా, పైన మంచినీళ్ళ జలాశయంలో ఆ మొక్క కనిపించింది. అక్కడ కూడా పరుచుకుంటే ఊరంతా తాగే నీళ్ళు పోతాయి. అది కాళ్ళతో నడిచి గుట్ట ఎక్కలేదు. ఏదో బండికి అంటుకునే వెళ్ళింది.”

“నా బుట్టల వ్యానుకనా?”

“నీ వ్యాననలేదు.”

“కాదని కూడా అనలేదు.”

ఇద్దరి మధ్యా పొయ్యి మీద గిన్నె ఒక్కటే ఉడుకుతోంది.

అంతలో వీధిలోంచి కేక వినిపించింది. షెడ్డులో బుట్టలల్లే వాగుడుకాయ పరుగెత్తుకొస్తోంది. ఆ పిల్ల అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. “అక్కా! మిషను లారీ మలుపు తిరిగింది! మనవాళ్ళు పడవలు ఈడుస్తున్నారు, రేవుకి అడ్డం పెట్టేస్తాం అంటున్నారు! నువ్వు రా, నువ్వు లేకపోతే ఒకళ్ళ మాట ఒకళ్ళు వినడం లేదు!”

పెద్దకోడలు తోడికోడలి వైపు చూసింది. “మైకులో విన్నదానికి జవాబు రేవులో చెబుతాను. అక్కడికే రా.”

*

సరస్సు ఆకుపచ్చ తివాచీలా ఉంది. మధ్యమధ్య ఊదారంగు పువ్వులు. తెలియనివాళ్ళు వచ్చి ఎంత బాగుందో అని ఫొటోలు తీసుకుంటారు. తెలిసినవాళ్ళకు ఆ తివాచీ కింద గాలి ఆడక చచ్చిన చేపల కంపు తెలుసు.

పెద్దకోడలికి ఆ కంపూ తెలుసు, ఆ కాడల విలువా తెలుసు. పడవలు పని లేక గట్టు మీదికి చేరిన కొత్తలో, ఊరికే కూర్చోలేక నాలుగు కాడలు కోసి ఎండబెట్టి బుట్ట అల్లింది. అది ఒక పక్కకు ఒరిగిపోయింది. అత్తగారు ఏమీ అనకుండా అందులో ఉల్లిపాయలు పోసి గోడకు ఆనించి పెట్టారు. రెండోది నిటారుగా నిలబడింది. ఇప్పుడు షెడ్డులో కుర్చీలు అల్లుతున్నారు, చాపలు అల్లుతున్నారు. పెద్ద పెద్ద హోటళ్ళవాళ్ళు ఫోన్లు చేస్తారు. పెళ్ళయ్యి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆమె పడవలాయన పెద్దకోడలు. ఈ మూడేళ్ళలోనే ఆమె బుట్టలక్క అయింది. ఆ మాట వెనకనుంచి ఎవరు పిలిచినా నడక దానంతటదే ఠీవిగా మారుతుంది.

రేవు దగ్గర గోలగోలగా ఉంది. బరువైన యంత్రం నీళ్ళలోకి దిగడానికి పనికొచ్చే వాలు ఆ ఒక్కటే. ఆడవాళ్ళు పాతపడవల్ని అడ్డదిడ్డంగా తోసేస్తున్నారు.

“ఆగండాగండి! ఇలాగైతే లారీవాడు బంపరుతో నెట్టేసి పోతాడు. ముక్కుకు తోక ఆనించి పెట్టండి. ఒకదానికొకటి తాడు కట్టండి. తాడు ఈ చివర స్తంభానికి, ఆ చివర ఐసు గది కడ్డీకి. చంటిపిల్లలున్నవాళ్ళు ముందు నిలబడొద్దు. రాయి పట్టుకున్నది ఎవరది? కింద పడెయ్. మనం పని కోసం వచ్చాం, జైలు కోసం రాలేదు.”

రాయి కింద పడింది. పడవలు వరసకు వచ్చాయి.

లారీ వచ్చి ఆగింది. దాని మీద మిషను గుడిసెంత ఉంది. ముందు కత్తెర పళ్ళు, వెనక మొక్కను పైకి లాగే పట్టా. డ్రైవరు అడ్డంగా ఉన్న పడవల్ని చూశాడు, ఆడవాళ్ళని చూశాడు, ఇంజను ఆపేసి స్టీరింగు మీద గడ్డం ఆనించుకున్నాడు. ఇది తన గొడవ కాదన్నట్టు హాయిగా ఉంది అతని మొహం.

వెనకే మైకు జీపు, దాని వెనక ఆఫీసు కారు. అందులోంచి పై అధికారి, చిన్నకోడలు దిగారు. అధికారి పొడుగాటి మనిషి, మాట మాత్రం పొట్టి. “ఎవరు వీళ్ళు? పోలీసులకి ఫోన్ చెయ్యండి.”

“సార్, కాసేపు నాకు వదిలెయ్యండి,” అంది చిన్నకోడలు.

ఈలోగా మామగారూ వచ్చారు. పడవల వరసను ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసి, సరిగ్గా మధ్యదాని దగ్గర ఆగిపోయారు. “ఇది నా పడవ కదూ!”

“అవును మామయ్యా,” అంది పెద్దకోడలు.

“అడిగి తీసుకోవద్దా?”

“ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పడం లేదు కదా. నేనూ నేర్చుకున్నాను.”

వాగుడుకాయ పకపకా నవ్వింది. మామగారి మీసాల కింద కూడా ఏదో కదిలింది. ఆయన వెళ్ళి తన పడవ అంచు మీదే కూర్చున్నారు. ఎవరి పక్షానో చెప్పకుండా.

*

తోడికోడళ్ళిద్దరూ ఐసు గది వెనక్కి వెళ్ళారు. చేపలు లేక అందులో ఐసు పెట్టి ఎన్నాళ్ళయిందో, తలుపు తుప్పు పట్టి ఉంది.

“అక్కా, నీకొకటి చెబుతాను. ఇది చెబితే నా చేతిలో ఇక ఏమీ ఉండదు. అయినా ఇంకోసారి దాచను.” అంది చిన్నకోడలు. “ఆ మిషను ఇవాళ నీళ్ళలో దిగకపోతే నిధి వెనక్కి పోతుంది. గడువు ఇవాళే. మళ్ళీ ఎప్పుడిస్తారో, అసలిస్తారో ఇవ్వరో ఎవరికీ తెలియదు. నువ్వు చీకటిపడేదాకా అక్కడ నిలబడితే చాలు. గెలుస్తావు.”

పెద్దకోడలు ఇది ఊహించలేదు. పోట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషి చేతిలో కత్తి పెట్టి, మెడ ముందుకు చాపినట్టుంది.

“ఎందుకు చెప్పావే ఇది?”

“నిన్ను మైకులో వినేలా చేశాను కాబట్టి.”

 రేవులో వాగుడుకాయ ఏదో అంటోంది, డ్రైవరు నవ్వుతున్నాడు.

“ఒక్కటడగనా అక్కా? నీకు కావాల్సింది గుర్రపుడెక్కా? షెడ్డా?”

పెద్దకోడలు వెంటనే ఏదో అనబోయింది. నోరు తెరిచింది కూడా.  ఆ మొక్క మీద ప్రేమ ఏముంటుంది ఎవరికైనా? దోమలు దానివల్లే, మామగారి నడుము వంగిపోయింది దానివల్లే. పొద్దున లేచి ఒక చోటికి వెళ్ళడం, అక్కడ పదిమందీ ఆమె కోసం చూస్తుండటం... అది పోతుందని భయం.

ఆ భయం పైకి కనిపించనివ్వలేదు. గడ్డం ఎత్తి సరస్సు అంచుల వైపు చూసింది.

“ఆ మిషను రెల్లుదుబ్బుల్లోకి దూరుతుందా?”

“దూరదు. అంచుల్లో లోతు లేదు. అక్కడ చేత్తోనే పీకాలి.”

“ఎవరు పీకుతారు?”

“బయటినుంచి కాంట్రాక్టరు మనుషుల్ని తెస్తాడు. ఇంకా ఖాయం కాలేదు.”

“మావాళ్ళకివ్వు. ఈ నీళ్ళలో ఎక్కడ కాలు పెడితే దిగబడుతుందో మావాళ్ళకి తెలుసు. పీకింది ఏం చేస్తారు మీరు?”

“కంచె కట్టి, లోపల గోతిలో పూడ్చేస్తాం.”

“కంచె లోపలే మేమూ ఉంటాం. వేళ్ళూ పువ్వులూ నీ గోతిలోకి, కాడలు మా పందిరి మీదికి. కరకరలాడేలా ఎండేదాకా కంచె దాటవు. ఎండింది మళ్ళీ మొలవదు కదా?”

“మొలవదు.” చిన్నకోడలు కళ్ళు చిన్నవి చేసుకుని లోపల్లోపల ఏవో లెక్కలు కట్టుకుంటోంది. ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. కుర్చీ కాలికి ఎంత బరువు ఆనుతుందో చూసి చెప్పమని షెడ్డుకు పిలిచినప్పుడు కూడా అలాగే చూసింది. “సాధ్యమే అక్కా. కంచెకి ఒకటే గేటు పెట్టి, మా మనిషినొకడిని నిలబెడితే సాధ్యమే. కానీ సరస్సు మొత్తం శుభ్రమయ్యాక? అప్పుడేం అల్లుతారు?”

“రెల్లుంది కదే అంచుల నిండా. అల్లిక వచ్చిన చేతులకి కాడ కరువా? మొదటిబుట్ట కాస్త వంకరగా వస్తుంది, అంతే.”

చిన్నకోడలి మొహంలో పొద్దుటినుంచి బిగుసుకుపోయినదేదో వదులైంది. నవ్వలేదు గానీ, నవ్వినంత పనైంది.

“సార్‌ని అడగాలి.”

“అడుగు. వెళ్ళి మర్యాదగా అడుగు. ఈలోగా నేను అమర్యాదగా నిలబడి ఉంటాను.”

*

ఒప్పించే ప్రయత్నాల్లోనే మధ్యాహ్నం దాటిపోయింది. అధికారి గడియారం చూసుకున్నాడు, పడవల్ని చూశాడు, పడమటికి వాలుతున్న ఎండను చూశాడు. అంచుల పని ఊరి ఆడవాళ్ళకు ఇవ్వడానికి నిధి నిబంధనల్లో అడ్డేమీ లేదని చిన్నకోడలు ఒకటికి రెండుసార్లు చెప్పింది. చివరికి ఆయన తల ఊపాడు.

“మీ మాట మా అందరి ముందూ చెప్పండి,” అంది పెద్దకోడలు. “జీపులో మైకు ఎటూ ఉంది కదా.”

ఆయన మొహం చిట్లించుకున్నాడు. అయినా మైకు తీసుకుని చెప్పాడు. గట్టు మీద ఈలలు, కేకలు. వాగుడుకాయ పక్కనున్నామెను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

తాడు ముడి మొదట విప్పింది మామగారే. ఆయన తన పడవను తనే పక్కకు తోసి, లారీవాడికి చెయ్యి ఊపారు. మిషను వాలు మీదనుంచి జారుకుంటూ వెళ్ళి ఆకుపచ్చ మధ్యలో దిగింది. పట్టా తిరిగింది. మొక్క దుప్పటిలా లేచి పైకి పాకింది. దాని వెనక మొదట చారెడు, తరవాత బారెడు నల్లటి నీళ్ళు బయటపడ్డాయి. అసలు నీళ్ళు. 

అధికారి మాత్రం మిషనును చూడటం లేదు. చిన్నకోడలిని చూస్తున్నాడు.

“ఆ పెద్దావిడ మీకేమవుతుంది?”

“మా బావగారి భార్య సార్. తోడికోడలు.”

“ఒకే ఇంట్లో ఉంటారా?”

“ఒకే ఇంట్లో.”

“ఒకే వంట?”

“ఒకే వంట సార్.”

“అయితే కుదరదు.” ఆయన గొంతులో కోపం లేదు, అదే చిక్కు. “పని ఇచ్చే అధికారి, పని పుచ్చుకునే మనిషి ఒకే కుటుంబం కాకూడదు. రేపు ఎవరైనా ఒక అర్జీ పెడితే నిధి అంతా ఆగిపోతుంది. మీరు ఈ పథకంలోంచి తప్పుకోండి, లేదా ఆవిడని ఆ పనిలోంచి తప్పుకోమనండి. రేపు పొద్దున నేను ఆఫీసుకొచ్చేసరికి తేలిపోవాలి.”

పెద్దకోడలు పక్కనే ఉంది. అంతా విన్నది.

*

సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నారు. చిన్నకొడుకుది పై ఊళ్ళో ఉద్యోగం, వారానికొకసారి వస్తాడు కాబట్టి అతని పీట ఖాళీ. పెద్దవాడు మాత్రం భార్య పక్కన కూర్చుని, సంగతంతా విని, అన్నంలో చారు కలుపుతూనే ఉన్నాడు. బుట్టల వ్యాను నడిపేది అతనే. మాటలు మాత్రం తల్లి కళ్ళలోకి చూశాకే అతని నోట్లోంచి వస్తాయి.

మామగారే మొదలెట్టారు. “చిన్నమ్మాయి తప్పుకుంటే ఆ కాంట్రాక్టర్లు నిధిని నంజుకుని తినేస్తారు. సరస్సు మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని...”

“అందుకని మా ఆవిడ తప్పుకోవాలా?” అన్నాడు పెద్దవాడు.

అందరూ తలెత్తారు. అతను తల్లి వైపు చూడకుండా అన్న మొదటిమాట అదేనేమో.

“నేనలా అన్నానా?”

“ఇంకెలా అన్నారు నాన్నా? ఆ ఆడవాళ్ళు ఆవిడ లేకపోతే పడవ ఎలా పెట్టాలో కూడా తేల్చుకోలేకపోయారు. పని ఎలా చేస్తారు?”

“నేను తప్పుకుంటాను బావగారూ,” అంది చిన్నకోడలు. 

“నోర్మూసుకో,” అంది పెద్దకోడలు. “ఆ నిధి తెచ్చింది నువ్వు. పైసా పక్కకి పోకుండా కాపలా కాయాల్సిందీ నువ్వే.”

“మరి నువ్వు?”

“నేనూ తప్పుకోను.”

“అలా కుదరదక్కా!”

“కుదరాలి.”

అప్పుడు అత్తగారు గిన్నె మీద మూత పెట్టారు. పొద్దుటినుంచి ఈ గొడవలో ఆవిడ పెదవి విప్పలేదు. “ఏవమ్మా చిన్నమ్మాయ్. ఆ సారు అడిగింది ఒకే ఇల్లా, ఒకే వంటా అనేగా?”

“అవునత్తయ్యా.”

“వేరుపడితే?”

చిన్నకోడలు తడబడింది. “వేరుపడితే అభ్యంతరం ఉండదు. కానీ మాటవరసకి కాదత్తయ్యా. నిజంగా వేరుండాలి. ఇల్లు వేరు, వంట వేరు. వచ్చి చూసుకుని పోతారు.”

“చూసుకోనీ.” ఆవిడ పెద్దకోడలి వైపు తిరిగారు. “పెద్దమ్మాయ్, నువ్వు బయటికి నడు.”

మామగారి చేతిలో గ్లాసు ఠక్కున కింద పడింది. “నీకు మతిపోయిందా? నేను బతికుండగా ఈ ఇల్లు...”

“మీరు వల బాగుచేసుకోండి. నీళ్ళు కనిపించాయి కదా.” అత్తగారు కోడలి మీదనుంచి చూపు తిప్పలేదు. “కోపంతో చెప్పడం లేదే. దాన్ని పొమ్మంటే అది వెళ్ళి ఏడుస్తూ కూర్చుంటుంది. నిన్ను పొమ్మంటే వెళ్ళి ఇల్లు పెడతావు. అందుకని నీకు చెబుతున్నా.”

పెద్దకోడలు ఇన్నేళ్ళలో ఆ నోట తన గురించి ఇంత మంచిమాట వినలేదు. ఆ మంచిమాటతోనే ఇంట్లోంచి వెళ్ళమంటున్నారు. ఏడవాలో, కాళ్ళకు దణ్ణం పెట్టాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు.

“సరే అత్తయ్యా. రేపు పొద్దున్నే వెళ్తాను. షెడ్డు వెనక గదిలో ఉంటాను. పొయ్యి కిటికీ పక్కన పెట్టుకుంటే పొగ బయటికి పోతుంది.”

చెప్పాక ఆమె మొగుడి వైపు తిరిగింది. “మీరు వస్తున్నారా?”

పెద్దవాడి చెయ్యి అన్నంలో ఆగిపోయింది. తల్లి వైపు చూశాడు. ఆవిడ కావాలనే మొహం తిప్పుకుని గిన్నెలు సర్దుతున్నారు. తండ్రి వైపు చూశాడు. ఆయన గోడవైపు చూస్తున్నారు. 

“ఆ గది తలుపుకి లోపల గడియ లేదు,” అన్నాడతను చివరికి.

అది వస్తానని అనడమో, రానని అనడమో ఒక్కరికీ అంతుచిక్కలేదు.

“గడియ రేపు పెట్టిద్దాం,” అంది పెద్దకోడలు. “వస్తున్నారా లేదా, అది చెప్పండి.”